బోర్డు లేని రోజులు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నేను కొన్నాళ్లు ఒక దర్జీ కొట్టుకి బోర్డుగా పనిచేశాను. బోర్డు రాయడం కాదు, కట్టడం కాదు. బోర్డు ఉండాల్సిన చోట దాని బదులు కూర్చోవడం. మొదటి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మునిసిపల్ ఆఫీసులో తాత్కాలికంగా చేశానని చెబుతాను. అది అబద్ధం కాదు. కానీ ఆ ఉద్యోగంలో నాకు గుర్తుండిపోయినదంతా ఆఫీసు బయట, ఏలూరు పాత బజారులో, ఒక చెక్క స్టూలు మీద జరిగింది. మా ఇంట్లో ఈ సంగతి తెలియదు. తెలిస్తే మా అమ్మ "డిగ్రీ చదివించింది వీధిలో కూర్చోవడానికా?" అని ఉండేది.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. గేటు ఎదురుగా ఇస్త్రీ బండి ఉంటుంది. నేను కిటికీలు తీసే వేళకి అతను నూలు చొక్కాల మీద నీళ్లు చిలకరించి బొగ్గుల పెట్టె ఆనిస్తాడు. తడి గుడ్డకి వేడి తగిలినప్పుడు లేచే ఆవిరి, అందులో కాస్త గంజి వాసన, కాస్త మాడు వాసన, గాలి ఇటు తిరిగితే నా బల్ల దాకా వస్తాయి. ఆ వాసన వచ్చినప్పుడల్లా చేతిలో పుస్తకం ఏ అరలో పెట్టాలో మరిచిపోయి నిలబడతాను. ఆ వాసన వెంట రూతమ్మ గారు గుర్తొస్తారు. ఆమెకి ఇస్త్రీతో ఏ సంబంధమూ లేదు. మునిసిపాలిటీలో కమ్యూనిటీ ఆర్గనైజరు, అప్పట్లో నా పై అధికారి. ఆమె గురించి రాద్దామని చాలాసార్లు డైరీ తెరిచాను. ఆమె చాలా మంచివారని రాయబోతే ఒక సంగతి అడ్డొస్తుంది. కాదని రాయబోతే మళ్లీ అదే సంగతి అడ్డొస్తుంది. అందుకని ఈసారి ఏదీ తేల్చే ప్రయత్నం చేయకుండా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఊళ్లలోకి ఫ్లెక్సీ బోర్డులు కొత్తగా వచ్చిన రోజులవి. పాత బజారులో ఇళ్లన్నీ ఎప్పటివో. కింద కొట్లు, పైన చెక్క వరండాలు, గుమ్మాల పైన గారతో చేసిన పువ్వులు, చిలకలు. అవేవీ కంటికి కనిపించేవి కావు. రేకు బోర్డు మీద ఇంకో రేకు బోర్డు, దాని మీద కొత్తగా ఫ్లెక్సీ. కొట్లన్నీ ముసుగు తన్ని పడుకున్నట్టు ఉండేవి. ఆ వీధికి పాత రూపం తేవాలని మునిసిపాలిటీ ఒక పథకం పెట్టింది. కొట్టు ముందు భాగం బాగుచేయించుకుంటే ఖర్చులో సగం ఇస్తారు. రేకులు, ఫ్లెక్సీలు తీసేయాలి, చెక్క బోర్డు పెట్టాలి, వీధంతా అక్షరాలు ఒకే తీరులో, ఒకే రంగులో ఉండాలి. కాగితాల మీద దానికి చాంతాడంత పేరు ఉండేది. బజారులో మాత్రం అందరూ 'బోర్డుల స్కీము' అనేవారు. ఆ స్కీములో సహాయకురాలిగా నన్ను తీసుకున్నారు. భీమడోలు నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చేదాన్ని. చేతిసంచిలో ఒక నవల, ఒక డైరీ. ఈ రెండూ ఉంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేకుండా బతికేయవచ్చని నా నమ్మకం.

రూతమ్మ గారికి అప్పటికి రిటైర్మెంటు దగ్గరపడింది. మిషన్ స్కూల్లో చదువుకున్న మనిషి. లేత రంగు నూలు చీర, నల్ల గొడుగు, భుజాన పెద్ద సంచి. మొదటి రోజు నన్ను చూసి, "మాట్లాడతావా అమ్మా?" అని అడిగారు. నేను తలూపాను.

"తల ఊపడం కాదమ్మా. మాట్లాడతావా?"

మళ్లీ తలూపాను. ఆమె పకపకా నవ్వి, సంచిలోంచి అల్లం బిళ్ల తీసి నా చేతిలో పెట్టారు. "అయితే ఇదైనా చప్పరించు. నోరన్నాక ఏదో ఒక పని ఉండాలి కదా."

ఆమె పద్ధతి నాకు మొదటి నుంచీ అర్థం కాలేదు. కొట్టుకి వెళ్లగానే స్కీము మాట ఎత్తేవారు కాదు. ఏదో చిన్న వస్తువు కొని, బల్ల మీద కూర్చుని, పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు అన్నీ అయ్యాక, లేవబోతూ, "ఏవండీ, ఆ రేకు తీసేస్తే లోపల గార చిలకలున్నాయటండీ, నిజమేనా?" అని అడిగేవారు. నన్ను చూపించి, "మా అసిస్టెంటండీ. మాట్లాడదు. ఆఫీసులో మాట్లాడేవాళ్లు ఎక్కువైపోయారని ఏరికోరి తెచ్చుకున్నాను" అనేవారు. అందరూ నవ్వేవారు. నాకు చెవులు వేడెక్కేవి. ఇంకో సంగతి కూడా గమనించాను. స్టీలు సామాన్ల ఆయనకి వ్యాపారం పెరుగుతుందని చెప్పారు. పూజా సామగ్రి ఆయనకి తాతగారి పేరు నిలబడుతుందన్నారు. చెప్పుల కొట్టాయనకి, రేకులు ఎలాగూ తీయిస్తారు, సగం ఖర్చు వచ్చినప్పుడే చేయించుకోమన్నారు.

తిరిగి వస్తుంటే ఆమే అడిగారు. "ఏంటి, లోపల ఏదో నలుగుతోంది?"

"ముగ్గురికీ మూడు రకాలుగా చెప్పారు మేడమ్."

"మూడూ నిజమేనమ్మా. ఎవరి చెవికి ఏది ఎక్కుతుందో అది చెప్పాను. మిగతావి కావాలంటే వాళ్లే అడుగుతారు."

"అడక్కపోతే?"

"అడక్కపోతే వాళ్లకి అక్కర్లేదు."

బండిలో కూర్చుని డైరీలో రాసుకున్నాను: ఇది తెలివా, మోసమా? దాని కింద గీత గీసి వదిలేశాను. ఆ గీత కింద ఇప్పటికీ ఏమీ రాయలేదు.

మస్తాన్ గారి కొట్టు ఆ వీధి మధ్యలో ఉండేది. 'న్యూ చాంద్ టైలర్స్'. కొట్టు మస్తాన్ గారి నాన్నగారు పెట్టింది. మరి 'న్యూ' ఏమిటండీ అని రూతమ్మ గారు అడిగితే, "పెట్టినప్పుడు కొత్తదేనండి" అన్నారాయన. పైన రేకు బోర్డు. దాని వెనక వాళ్ల నాన్నగారి కాలపు టేకు చెక్క బోర్డు. ఒక చివర కత్తెర బొమ్మ, ఇంకో చివర నెలవంక. ఆయన చిన్నతనంలో నాన్నగారు రంగు వేస్తుంటే స్టూలు పట్టుకుని నిలబడ్డారట. రేకు సందులోంచి కత్తెర కొస మాత్రం కనిపించేది. కొట్టు ముందు చూరు బాగా పాడైపోయింది. తుఫాను వానలు మొదలైతే మిషన్ల మధ్య బకెట్లు పెట్టి, గుడ్డల మూటలు ఈ మూల నుంచి ఆ మూలకి మోసుకునేవారు. చూరు బాగుచేయించాలంటే స్కీము డబ్బు కావాలి. స్కీములో చేరాలంటే బోర్డు దించాలి.

"చూరు వేయించండి, సున్నం కొట్టించండి, మీ ఇష్టం మేడమ్ గారూ. బోర్డు మాత్రం దించనండి," అన్నారు మస్తాన్ గారు.

"రేకు పారేద్దామండీ. మీ నాన్నగారి చెక్కనే శుభ్రం చేయించి పెడదాం. తాడేపల్లిగూడెంలో వడ్రంగి షెడ్డుకి ఇచ్చాం, అన్ని కొట్ల పాత చెక్కలూ అక్కడే. పది రోజుల్లో వచ్చేస్తుందండీ."

"పది రోజులు పేరు లేకపోతే కొట్టు ఎత్తేశాడనుకుంటారండి జనం. బట్టల కొట్టయితే ఫర్వాలేదు, సరుకు షావుకారిదే. నా కొట్లో నాదేముందండి? కత్తెర్లు, మూడు మిషన్లు. మిగతాదంతా జనం గుడ్డలే. అందులోనూ క్రిస్మస్ ముందు."

"నా జాకెట్టు కూడా ఇక్కడే ఉందండీ. నాకు మాత్రం భయం లేదా?"

"మీరు రోజూ వచ్చి చూసుకుంటున్నారు కదండి!"

మిషన్ల దగ్గర ఉన్న ఇద్దరు పనివాళ్లూ నవ్వారు. రూతమ్మ గారు కూడా నవ్వి, గొడుగు కొసతో నేల మీద ఏదో గీసి, "అయితే ఒక పని చేద్దామండీ. బోర్డు వచ్చేదాకా మా కుమారి మీ కొట్టు ముందు కూర్చుంటుంది. వచ్చేవాళ్లకి కొట్టు ఉందని చెబుతుంది," అన్నారు.

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె నా వైపు చూడలేదు. మస్తాన్ గారు నన్ను ఎగాదిగా చూసి, "ఈ అమ్మాయి మాట్లాడదన్నారు కదండి మీరే?" అన్నారు.

"మీ బోర్డు మాత్రం మాట్లాడేదేంటండీ?"

ఈసారి మస్తాన్ గారు కూడా నవ్వేశారు. అలా ఒప్పుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు. నా బిడియం పోగొడదామనుకున్నారో, ఆఫీసులో నాతో పనిలేక ఇక్కడ వదిలేశారో, లేక ఆ క్షణానికి నోటికొచ్చిన మాట అనేసి తర్వాత నిలబెట్టుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మూడూ నిజమే అనేవారేమో, అడిగితే.

మర్నాడు రేకు బోర్డు పీకేసి, చెక్క బోర్డు దించి వ్యానులో గూడెం పంపారు. మేస్త్రీలు చూరు పని మొదలుపెట్టారు. నేను గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. లోపల పనివాళ్లలో ఒకాయన తడి గుడ్డ పరిచి జాకెట్ల కుట్లు ఇస్త్రీ చేస్తుండేవారు. ఆ ఆవిరంతా నా మీదకే వచ్చేది. మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వచ్చినవాళ్లందరూ దగ్గరి వీధులవాళ్లే, నన్ను చూడకుండానే లోపలికి వెళ్లారు. నవల తెరిచాను. ఆ సమయానికే రూతమ్మ గారు అటు వచ్చారు.

"ఏవమ్మా, బోర్డు పుస్తకం చదవకూడదు. బోర్డుని జనం చదవాలి," అని నా చేతిలోంచి పుస్తకం తీసుకుని తన సంచిలో పడేసుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత కొంతసేపటికి ఒక పెద్దావిడ వచ్చింది. కొల్లేటి పల్లెల నుంచి వచ్చినట్టు తెలుస్తూనే ఉంది. చీర కుచ్చిళ్లకి ఎండిన బురద, చంకలో గుడ్డల మూట. ఖాళీ గోడ వైపు చూసింది. అటూ ఇటూ చూసింది. నోరు నొక్కుకుని వెనక్కి తిరిగింది. పిలవాలని నాకు తెలుసు. పిలిచే బదులు లేచి ఆమె వెనకాలే నడిచాను. ఆమె నడక పెంచింది, నేనూ పెంచాను. వీధి మొగలో గభాలున ఆగి వెనక్కి తిరిగింది.

"ఏవమ్మా, నా ఎనకాలే వస్తన్నావ్?"

"కొట్టు... ఉందండి."

"ఏ కొట్టు?"

"మస్తాన్ గారిదండి."

"మరి బోర్డేదీ?"

"నేనేనండి," అన్నాను.

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఎర్రిపిల్లలా ఉన్నావే!" అని పగలబడి నవ్వింది. నవ్వుతూనే నాతో వెనక్కి వచ్చింది. ఆమె పేరు ఏసమ్మ. కొల్లేటికోట దాటి లోపలికి ఎక్కడో వాళ్ల పల్లె. మనవరాలికి పండగ గౌను, తనకి జాకెట్టు కుట్టడానికి ఇచ్చి వెళ్లింది. ఇంటికి వెళ్లాక నేను అద్దం ముందు నిలబడి 'కొట్టు ఉందండి' అని అనుకుని చూశాను. రెండు మాటలే. వాటికి అంత ఊపిరి ఎందుకు కావాలో అర్థం కాలేదు.

పది రోజులన్నది ముసురు పట్టడంతో సాగిపోయింది. చెక్కలకి వేసిన వార్నీషు ఆరడం లేదని గూడెం నుంచి ఫోను వచ్చేది. రూతమ్మ గారు వచ్చి మస్తాన్ గారితో "ఎల్లుండికి వచ్చేస్తుందండీ" అనేవారు. ఆయన తల ఊపేవారు. ఎల్లుండి మళ్లీ అదే మాట. ఈలోగా నాకు అలవాటైంది. ఎవరు వస్తున్నారో దూరం నుంచే పోల్చుకునేదాన్ని. "రండి, తెరిచే ఉందండి" అనేదాన్ని. లోపల ఏ గుడ్డ ఏ మిషను మీద ఉందో కూడా తెలిసిపోయింది. స్టూలు మీద కూర్చుని చూసేది అదే కదా. ఒక్కోసారి బోర్డు ఇంకొన్నాళ్లు రాకపోతే బాగుండునని కూడా అనిపించేది. అలా అనిపించిన వెంటనే మస్తాన్ గారి ముఖం చూసేదాన్ని. ఆయనకి రోజురోజుకీ మాటలు తగ్గిపోతున్నాయి.

ఒక రోజు బస్సు దిగి గుంపుగా ఆడవాళ్లు వచ్చారు. ముందు ఏసమ్మే. బోర్డు పీకేశారని, సాయిబు గారు కొట్టు ఎత్తేసి ఊరెళ్లిపోతున్నారని బస్సులో ఎవరో ప్రయాణికులు చెప్పారట. నన్ను దాటుకుని తిన్నగా లోపలికి వెళ్లారు.

"మా గుడ్డలు మాకిచ్చెయ్యండి మస్తాన్ గారూ."

"ఎక్కడికీ పోవడం లేదమ్మా. చూరు పని అవుతోంది."

"ఏమోనండి. గుడ్డ పోతే పోయింది, నా ఆది జాకెట్టు ఇచ్చెయ్యండి. అలాంటిది మళ్లీ ఈ జన్మలో కుదరదు," అంది ఇంకొకామె. కొలత కోసం ఇచ్చే, ఒంటికి సరిగ్గా అతికిన పాత జాకెట్టు అది. కొత్త పట్టు కంటే దాని మీదే అందరికీ ప్రాణం.

మస్తాన్ గారు వాదించలేదు. అవమానపడ్డ మనిషిలా తల వంచుకుని మూట ముడి విప్పడం మొదలుపెట్టారు. పనివాళ్లు మిషన్లు ఆపేశారు. ఇవాళ వీళ్లు పట్టుకెళ్తే రేపు పక్క పల్లెలవాళ్లు వస్తారు. పండగ పని పోతే ఆ ఇద్దరినీ ఆయన నిలుపుకోలేరు. వాళ్లు విజయవాడ వెళ్లిపోతామని అప్పటికే అనుకుంటున్నారు. రూతమ్మ గారు ఆ రోజు అక్కడ లేరు. ఉంటే ఏదో ఒకటి అనేవారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో తెలియదు.

"ఏసమ్మ గారూ, మీ మనవరాలి గౌను మిషను మీద ఉందండి. ఒక చెయ్యే కుట్టారు. ఇప్పుడు పట్టుకెళ్తే పండక్కి ఒంటిచేతి గౌనేనండి."

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఏసమ్మ నా వైపు తిరిగింది. "కొట్టు ఎత్తేస్తే రెండో చెయ్యి ఎవరు కుడతారే?"

"ఎత్తేసే కొట్టు ముందు నేనెందుకు కూర్చుంటానండి ఇన్నాళ్లూ? కావాలంటే మీరూ కూర్చోండి, అయ్యేదాకా."

ఏసమ్మ కాసేపు ఆలోచించింది. తర్వాత బయటికి వచ్చి నా స్టూలు మీద కాళ్లు బారజాపి కూర్చుంది. "కుట్టండి మస్తాన్ గారూ, చూస్తాను" అంది. మిషను మళ్లీ మొదలైంది. గౌను అయ్యేదాకా ఆమె దారినపోయే ప్రతివాళ్లనీ కేకేసి పిలిచింది. "ఇదిగో, కొట్టుందమ్మా! ఎత్తెయ్యలేదు! రండి, రండి!" మధ్యలో నా వైపు తిరిగి, "నీది చిన్న బోర్డే పిల్లా. అందుకే ఎవరికీ కనపడ్డం లేదు," అంది. వెళ్లేటప్పుడు ఆది జాకెట్లన్నీ కొట్లోనే వదిలి వెళ్లారు. మస్తాన్ గారు ఒక గ్లాసు టీ తెప్పించి స్టూలు పక్కన పెట్టారు. రెండు చేతులతో పట్టుకుని తాగాను.

ముసురు విడిచాక రూతమ్మ గారు నన్ను వెంటబెట్టుకుని గూడెం వెళ్లారు. వడ్రంగి షెడ్డులో బోర్డులన్నీ గోడకి వరసగా ఆనించి ఉన్నాయి. అన్నీ ఒకే పొడవు, ఒకే వెడల్పు, ముదురు ఎరుపు మీద తెల్లటి అక్షరాలు. అందంగానే ఉన్నాయి. నేను కత్తెర కోసం, నెలవంక కోసం వెతికాను. ఎక్కడా కనిపించలేదు.

"అన్నీ చిత్రిక పట్టించేశామండి. పాత రంగు నలుసంత కూడా ఉంచలేదు," అన్నాడు షెడ్డాయన గర్వంగా.

"మరి ఏ చెక్క ఎవరిదో గుర్తు పెట్టారాండీ?" అని అడిగారు రూతమ్మ గారు.

"ఎందుకండీ? అన్నీ ఒకే సైజుకి కోసేశాం కదా. పేర్లు రాశాం. ఇంకేం గుర్తు కావాలండీ?"

రూతమ్మ గారు 'న్యూ చాంద్ టైలర్స్' అని రాసిన బోర్డు దగ్గరికి వెళ్లి, దాన్ని ముందుకి వంచి వెనక వైపు చూశారు. చాలాసేపు చూశారు. చూపుడువేలితో ఏదో తడిమారు. నేను దగ్గరికి వెళ్లేలోగా మళ్లీ గోడకి ఆనించేశారు. తర్వాత కూలీలు వచ్చి అన్నిటినీ వ్యాను ఎక్కించేశారు. తిరుగు ప్రయాణంలో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. అంతకుముందు ఆమెని అలా ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు పాత బజారులో మొదటి బోర్డు మస్తాన్ గారిదే. కొత్త చూరు కింద మేస్త్రీలు నిచ్చెన వేసుకుని సిద్ధంగా ఉన్నారు. మస్తాన్ గారు చేతులు తుడుచుకుని వచ్చి బోర్డు మీద అరచెయ్యి వేశారు. కత్తెర ఉండాల్సిన చోట కొంతసేపు ఉంచారు.

"బాగుందండి," అన్నారు. తర్వాత, "ఇది మా నాన్న చెక్కేనాండి?" అని అడిగారు.

"మీదేనండీ," అన్నారు రూతమ్మ గారు. ఆ కొట్టులో ఈ కొట్టులో ఎన్నోసార్లు విన్న గొంతే అది. తడబాటు లేదు.

ఆయన బోర్డు మీద నుంచి చెయ్యి తీయలేదు. నా వైపు తిరిగారు. "ఏమ్మా, మాదేనా?"

మేస్త్రీలు చూస్తున్నారు. పక్క కొట్లవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. పండగ ముంగిట్లో ఉంది. కాదంటే ఆయన కట్టించుకోకపోవచ్చు. గోడ మళ్లీ ఖాళీగా ఉండిపోతుంది, ఏసమ్మలు మళ్లీ వస్తారు. అవునంటే అందరూ ఇళ్లకి వెళ్లిపోతారు. ఇన్నాళ్లూ నా పని 'ఉందండి' అనడమే. రూతమ్మ గారి వైపు చూశాను. ఆమె గొడుగు మడతలు సరిచేసుకుంటున్నారు. తల ఎత్తలేదు. ఆమె ఆ చెక్క వెనక నిజంగానే ఏదైనా గుర్తు చూశారేమో. అయితే నేను అవుననకపోతే ఆమె నిజం అబద్ధమైపోతుంది. చూడలేదేమో. అప్పుడు నా మాటతో ఆమె అబద్ధం బయటపడుతుంది.

"నాకు తెలియదండి," అన్నాను. "అన్నీ చిత్రిక పట్టేశారు. ఏది ఎవరిదో గుర్తు పెట్టలేదటండి."

మస్తాన్ గారు మెల్లగా వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. "దించిన రోజే వెనకాల ఒక గాటు పెట్టుకోవాల్సింది. నాకూ తోచలేదు," అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత లేచి మేస్త్రీలతో, "కట్టండి నాయనా. పేరైతే మాదే కదా," అని లోపలికి వెళ్లి మిషను ముందు కూర్చున్నారు. బోర్డు పైకి వెళ్తుంటే చూడటానికి బయటికి రాలేదు. ఆ పండగకి కొట్టు నిండా పని ఉంది. పనివాళ్లు ఎక్కడికీ పోలేదు. గౌన్లన్నిటికీ రెండేసి చేతులు పడ్డాయి. కానీ ఆ తర్వాత నేను అటు వెళ్లిన ప్రతిసారీ గమనించాను. ఉదయం తాళం తీసేటప్పుడు ఆయన తల పైకెత్తేవారు కాదు.

రూతమ్మ గారు ఆ రోజు నా కోసం ఆగకుండా వెళ్లిపోయారు. నడిబజారులో ఆమె మాట పోగొట్టాను. తిడతారనుకున్నాను, ఆఫీసు నుంచి పంపేస్తారనుకున్నాను. ఏమీ జరగలేదు. మర్నాడు మామూలుగానే "పద అమ్మా" అన్నారు. మిగతా కొట్లలో బోర్డు కట్టించే ముందు ఆమే చెప్పారు. "ఏవండీ, ఏ చెక్క ఎవరిదో మాకు తెలియదండీ. కలిసిపోయాయి." కొందరు ఫర్వాలేదన్నారు. పూజా సామగ్రి ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని పెద్ద గొడవ చేశారు. ఆమె ఎదురు చెప్పకుండా ఆ మాటలన్నీ నిలబడి విన్నారు. నేను బయటపెట్టేశాను కాబట్టి తప్పక చెప్పారా, చెప్పాలనుకునే చెప్పారా? అప్పుడు అడిగే ధైర్యం లేదు. ఆమె కూడా ఆ ఊసు ఎత్తలేదు. మస్తాన్ గారి సంగతి మా ఇద్దరి మధ్యా మూత పెట్టిన గిన్నెలా ఉండిపోయింది.

ఇప్పుడు నేను రోజూ ఎంతోమందితో మాట్లాడతాను. పిల్లలు ఏదైనా పుస్తకం ఉందా అని అడిగితే ఉందనో లేదనో చెబుతాను. చాలాసార్లు 'తెలియదు, చూద్దాం' అంటాను. ఆ మాట అనడానికి నాకు సిగ్గు లేదు. ఒక్కోసారి నిమిషం పాటు గర్వంగా కూడా ఉంటుంది. అంతలోనే అనుమానం వస్తుంది. ఈ మాట నేను రూతమ్మ గారి దగ్గర నేర్చుకున్నానా, ఆమెకి ఎదురు తిరిగి నేర్చుకున్నానా? ఆమె రిటైరై గూడెంలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. నాకు ఈ ఊళ్లోనే ఉద్యోగం వచ్చేసరికి ఆమె కన్నుమూశారు. అందుకని ఈ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది.

ఆఖరిసారి ఆమెని చూసింది ఆమె ఏలూరు వదిలి వెళ్లిన రోజున. ఇద్దరం ఒకే పాసింజరు ఎక్కాం. ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నారు. పై బల్ల మీద ఆమె ట్రంకు పెట్టె, ఒడిలో గొడుగు. దెందులూరు దాటాక, ఎన్నాళ్లుగానో కూడగట్టుకున్నది నోట్లోంచి వచ్చేసింది.

"మేడమ్, ఆ రోజు షెడ్డులో చెక్క వెనక ఏం చూశారు?"

ఆమె బయటికి చూస్తూ ఉన్నారు. కోతలైన చేలు, వాటి మధ్య చేపల చెరువులు, గట్ల మీద కొంగలు. విన్నారో లేదో అనుకున్నాను. బండి నెమ్మదించింది.

"మీ ఊరొచ్చింది. దిగు," అన్నారు.

దిగి ప్లాట్‌ఫాం మీద కిటికీ దగ్గర నిలబడ్డాను. చేతిసంచి తాడు మెలిపెడుతున్నాను. బండి కదిలింది. ఆమె కిటికీ ఊచ పట్టుకుని కాస్త ముందుకి వంగారు.

"ఆ రోజు మస్తాన్ గారు అడిగితే నువ్వూ అవునంటావేమోనని భయపడ్డానమ్మా," అన్నారు.